ఎడమకాలి బూటుకు వ్యాఖ్యానం

ఆ ఆదివారం మా ఇంట్లో ఉన్నవారి వివరాలు. మా పెదనాన్న వీరరాఘవయ్య, విదేశీ ప్లేటు పరిరక్షణ సంఘం అధ్యక్షుడు, జగ్గయ్యపేట. వరప్రసాదరావు మాస్టారు, రిటైరైన ఇంగ్లీషు టీచరు, సంఘానికి ఆస్థాన వ్యాఖ్యాత. నందిగామ శాఖ నుంచి తిరుపతిరావు గారు, ఆయన వెంట ఎనిమిదిమంది సభ్యులు, ఒక ఖాళీ అద్దాల పెట్టె. మైకుసెట్టు శాంతయ్య. మా నాయనమ్మ రత్తమ్మ. నేను. పదో తరగతి చదువుతున్నాను. సంఘంలో సభ్యురాలిని కాను. కాఫీ గ్లాసుల శాఖ నాది.

ప్లేటు చరిత్ర కొంత చెప్పాలి. సిమెంటు ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చిన దొర ఒకాయన తిరిగి వెళ్ళిపోతూ సామాను వేలం వేయించాడు. పెదనాన్న రేడియో, గ్రామఫోను రెండూ ఉన్న రేడియోగ్రాం పెట్టె పాడుకున్నాడు. టేకుది, పాలిష్ పోలేదు, పైన శుభలేఖలు పేర్చుకోవచ్చని కొన్నాడు. లోపల ఒక పెద్ద గ్రామఫోను ప్లేటు దొరికింది. నాయనమ్మ దాన్ని కడిగి తుడిచి, మధ్య చిల్లిలో గుడ్డపేలిక దూర్చి, ఆవకాయ జాడీకి మూతగా పెట్టింది. ప్లేటు మూడేళ్ళు ఆ ఉద్యోగం చేసింది. ఒక్క చీమను లోపలికి పోనివ్వలేదని నాయనమ్మ ఇప్పటికీ మెచ్చుకుంటుంది. ప్లేటు తాలూకు అట్టలో పెదనాన్న పొలం కాయితాలు దాచుకునేవాడు.

ఆ అట్ట ఒకరోజు వరప్రసాదరావు మాస్టారి చేతికి వచ్చింది. వెనకవైపు రాసింది చదివి ఆయన లేచి నిలబడ్డారు. అది ఇంగ్లండులో పదిహేనేళ్ళ కిందట వేసిన రాక్ సంగీతం. వేసినవి మొత్తం మూడు వందల ప్లేట్లు. ఆ బృందం మళ్ళీ ఇంకో ప్లేటు వేయలేదు. అట్ట ముందువైపు గోధుమ చేలో ఒకే స్నానాలతొట్టిలో ఐదుగురు గడ్డాలవాళ్ళు ఇరుక్కుని కూర్చున్నారు. ఒకడి ఒళ్ళో బాతు ఉంది.

"వీరరాఘవయ్య గారూ, దీన్ని ఇంగ్లండే మరిచిపోయింది. జగ్గయ్యపేట మరవకూడదండీ," అన్నారు మాస్టారు.

మరవడానికైనా ముందు తెలిసుండాలని ఎవరికీ తోచలేదు. సంఘం ఆ సాయంత్రమే పుట్టింది. సభ్యులు వరసగా వచ్చి ప్లేటును కళ్ళకద్దుకుని వాసన చూశారు. వెల్లుల్లి వాసన వచ్చింది. అది విదేశీ వాసనేనని ఏకగ్రీవంగా తేల్చారు.

ప్రతి ఆదివారం సభ. పద్ధతి పురాణ కాలక్షేపానిదే. శాంతయ్య ప్లేటు మీద ముల్లు పెడతాడు. ఒక ముక్క వినిపించగానే మాస్టారు చెయ్యెత్తుతారు. శాంతయ్య ముల్లు తీస్తాడు. తర్వాత గంటన్నర వ్యాఖ్యానం. మొదటి పాట ఎత్తుగడ "నా ఎడమకాలి బూటు ఎక్కడుంది" అని. పదో తరగతి ఇంగ్లీషుకు అది బాగానే అర్థమైంది. మాస్టారి చదువు పెద్దది కాబట్టి అంత సులువుగా అర్థం కాలేదు.

"బూటు అనగా దేహం," అన్నారు మాస్టారు. "ఎడమ అనగా గుండె ఉండే వైపు. ఇక 'ఎక్కడ' అనేది సాక్షాత్తూ వేదాంతం. ఈ మాట సున్నపురాళ్ళ మీద బతికే మన జగ్గయ్యపేటకు తప్ప ఇంకెవరికి అర్థమవుతుందండీ?"

సున్నపురాళ్ళకూ దీనికీ సంబంధమేమిటో ఎవరూ అడగలేదు. చప్పట్లు కొట్టారు.

నాలుగు ఆదివారాల్లో మేము విన్న సంగీతం పదకొండు మాటలు, ఒక డోలు దెబ్బ, ఒక కోడి కూత. కోడి నిజంగానే ప్లేటులో ఉంది. మాస్టారు ఒక్క కోడికే రెండు ఆదివారాలు తీసుకున్నారు.

"అందరిలోకీ కోడే నయమే. శ్రుతి తప్పలా," అంది నాయనమ్మ.

సంఘం కీర్తి హైవే వెంట నందిగామ చేరింది. అక్కడ వెంటనే శాఖ వెలసింది. వాళ్ళ దగ్గర ప్లేటు లేదు కాబట్టి వాళ్ళ అభిప్రాయాలు ఇంకా గట్టిగా ఉండేవి. అసలు సంగీతమంతా ప్లేటు రెండోవైపున ఉందని నందిగామ వాదన. మొదటివైపునే ఉందని జగ్గయ్యపేట వాదన. రెండోవైపు అప్పటికి ఎవరూ వినలేదు. అందువల్ల చర్చకు అడ్డేమీ లేకపోయింది. కరపత్రాలు వేశారు. వియ్యంకులు మాటలు మానుకున్నారు. ఒక రెండోవైపు పెద్దమనిషి మొదటివైపు ఆయన పక్కన సీటు ఖాళీగా ఉన్నా కూర్చోనని, జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా బస్సులో నిలబడే వెళ్ళాడు.

చివరికి పెద్దలు రాజీ కుదిర్చారు. ప్లేటును నందిగామలో తిరుపతిరావు గారి మేడ మీద అద్దాల పెట్టెలో శాశ్వతంగా ఉంచుతారు. పెట్టె తాళంచెవి జగ్గయ్యపేటలో ఉంటుంది. ముల్లు గీరితే ప్లేటు అరుగుతుంది కాబట్టి ఇకమీదట దాన్ని ఎన్నడూ మోగించరు. సంగీతాన్ని కాపాడటానికి ఇంతకు మించిన మార్గం లేదని ఇరుపక్షాలూ సంతోషించాయి. పైన చెప్పినవారంతా ఆ ఆదివారం మా ఇంట్లో ఉన్నది అందుకే. నాలుగు గంటల బస్సుకు ప్లేటు ప్రయాణం.

నా కోరిక చిన్నది. ఒక్క పాట మొదటినుంచి చివరిదాకా వినాలి. ఆ బూటు దొరికిందో లేదో తెలుసుకోవాలి. ఈ మాట సభలో అనేంత ధైర్యం నాకుంటే కాఫీ గ్లాసులు ఇంకెవరో మోసేవారు. వంటింట్లో నాయనమ్మతో అన్నాను.

"ఎంతసేపుంటదే ఆ పాట?"

"ఏడు నిమిషాలని అట్ట మీద రాసుంది."

"ఓస్, అంతేనా. అందర్నీ బంతిలో కూర్చోబెడతా. పెరుగు నా చేతిలో ఉంది. నువ్వెళ్ళు."

మా వైపు బంతిలో కూర్చున్నాక మధ్యలో ఒకరు లేస్తే పక్కవాళ్ళను అవమానించినట్టు. పెరుగు పడందే భోజనం అయినట్టు కాదు. సంఘం నిబంధనావళి ముప్పై పేజీలు, దాన్ని ఎవరూ పాటించరు. ఈ నియమం ఎక్కడా రాసి లేదు, దీన్ని అందరూ పాటిస్తారు.

పెద్దలు వసారాలో విస్తళ్ళ ముందు కూర్చున్నారు. శాంతయ్యకు రెండో బంతి. సమానత్వం మీద మాస్టారు ఇంకా వ్యాఖ్యానించలేదు. అందువల్ల శాంతయ్య హాల్లో ప్లేటును గుడ్డలో చుట్టబోతున్నాడు.

"శాంతయ్యా, పెట్టెలో పెట్టేముందు పనిచేస్తుందో లేదో చూడొద్దా?" అన్నాను.

శాంతయ్య నా మొహం చూశాడు. "చూడాలమ్మా. లేకపోతే రేపు నామీదకొస్తది," అని ముల్లు పెట్టాడు.

పదకొండు మాటలూ దాటాయి. కోడి దాటింది. గిటారు, డోలు, వాటి మీద సైకిలు బెల్లు, గిన్నెల చప్పుడు. వాళ్ళకు పాడటం అంత బాగా రాదు. ఒకడికి నవ్వు ఆగక వదిలేస్తే మిగతావాళ్ళు ఆ చరణం పూర్తిచేశారు. స్నానాలతొట్టిలో కూర్చున్నవాళ్ళు అలా పాడటమే సబబుగా తోచింది. నా కాలు దానంతటది కదిలింది. శాంతయ్య రేడియోగ్రాం మీద వేళ్ళతో దరువు వేశాడు.

"ఇరవై ఏళ్ళబట్టి ఊరందరికీ పాటలు పెడుతున్నా. కూర్చుని విన్నది ఇదేనమ్మా," అన్నాడు.

వసారాలోంచి మాస్టారి కేక వినపడింది. "శాంతయ్యా, ముల్లు తియ్యి. దానికింకా అర్థం చెప్పలా."

"కూర్చోండి మాస్టారూ. మీరు లేస్తే నందిగామ వాళ్ళకి మర్యాదగా ఉంటుందా? పప్పు వేయించుకోండి," అంది నాయనమ్మ.

"మేమేం అనుకోమండీ అమ్మగారూ. కాస్త పెరుగు తెప్పిస్తే," అన్నారు తిరుపతిరావు గారు.

"తోడుకోలా బాబూ. ఈలోగా ఇంకో గరిటె పప్పు."

నందిగామ శాఖ నాలుగుసార్లు పప్పు తిన్నది. పాట అయిపోయి, ముల్లు చివర గరగరమని తిరుగుతుండగా, పెరుగు తోడుకుంది.

అందరూ తడి చేతులతో హాల్లోకి వచ్చారు. అత్యవసర సమావేశం జరిగింది. "వ్యాఖ్యానం లేకుండా పాట వినుటవలన వినువారికి సొంత అభిప్రాయములు కలుగు ప్రమాదమున్నందున, ఈ చర్యను తీవ్రముగా ఖండించడమైనది" అని జగ్గయ్యపేట తీర్మానించింది. నందిగామ బలపరిచింది. రెండు ఊళ్ళూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి. ఆ ఘనత నాదేనని ఎవరూ గుర్తించలేదు.

"ఏమ్మా, అంతా విన్నావుగా. ఏమన్నా అర్థమైందా?" అని అడిగారు మాస్టారు.

"అర్థమైందండి."

"చూశారా, నేను భయపడింది ఇదే," అని ఆయన సభవైపు తిరిగారు.

ఇటువంటి వారిని సభాస్థలిలో ఉంచరాదని రెండో తీర్మానం. అమలు చేసే బాధ్యత అధ్యక్షుడిది. పెదనాన్న నా భుజం పట్టుకుని వంటింటి గుమ్మం దాకా నడిపించాడు. గడప దాటించాడు. వెనక్కి ఒకసారి చూసి, నా వైపు వంగి గొంతు తగ్గించాడు.

"ఇంతకీ ఆ బూటు దొరికిందా ఏంటే?"

ఆయనకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది. నేను చెప్పబోయాను. సరిగ్గా అప్పుడే హాల్లో మాస్టారు, "ఇక మన అధ్యక్షులవారి సంగీత సేవను గూర్చి నాలుగు మాటలు" అని మొదలుపెట్టారు.

పెదనాన్న తలుపు వేసేశాడు.