పెద్ద స్పీకర్ డబ్బాలో ఉన్నది

శనివారం పొద్దున శాంతి కుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. బోధన్‌లో వాళ్ల చర్చి పక్కనున్న హాల్లో పాత సౌండు పెట్టె పాడైపోయి, ఎవరు మాట్లాడినా జలుబు చేసినట్టు వినిపిస్తోంది. దాని బదులు అల్మారాలో పట్టే స్పీకర్ల జతలు రెండు తెప్పించాలి, ఒకటి చిన్నది, చౌకది; ఒకటి కాస్త పెద్దది, ఖరీదైనది. రెంటినీ పరదా వెనక పెట్టి వినిపించాలి. ధర చూసి కాకుండా చెవితో తేల్చాలి. సైన్సు మాస్టారు కదా, ఏదో ఒక పరీక్ష పెట్టందే ఆయనకు ముద్ద దిగదు.

చౌక జత అప్పటికే హాల్లో ఉంది. ఖరీదైనది నిజామాబాద్‌లోని ఖుద్దూస్ దుకాణం నుంచి రావాలి. శాంతి కుమార్ చర్చి మెట్ల మీద నిలబడి ఊరంతా వినేలా ఫోను చేశాడు.

"ఖుద్దూస్ భాయ్, గీ చిన్న స్పీకర్‌తోని లాభం లేదనిపిస్తున్నది. అల్మారాల మూలకు పట్టేటంత ఉన్నది, ఆవాజేడికెళ్లి వస్తది? నీ పెద్ద స్పీకర్ పొద్దటి బస్సుకే వస్తదా? బరాబర్. మంచిగ వినొస్తె చిన్నది వాపస్ పోతది, గంతే."

మెట్ల కింద చెప్పులు విడుస్తున్న శారమ్మ ఈ మాటలన్నీ విన్నది. ఆమె చర్చిలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. మర్నాడు ఆ సమాజం కూడికలో మొదటిసారి బైబిలు వాక్యం చెప్పబోతున్నది ఆమె కోడలు షారోన్. పొట్టి పిల్ల, మెత్తటి గొంతు. చర్చిలో వాక్యం చెప్పేవాళ్లను స్పీకర్ అనే అంటారు. పైగా మా వైపు భాషలో ఆడమనిషైనా, సామానైనా 'వస్తది', 'పోతది'లే. ఈ రెండు సంగతులు గుర్తుంచుకుంటే జరిగినదాంట్లో శారమ్మ తప్పేమీ లేదని ఎవరైనా ఒప్పుకుంటారు.

ఆమె చెప్పులు మళ్లీ తొడుక్కుని నేరుగా ఇంటికి పోయింది.

"నిన్ను వద్దంటున్నరు బిడ్డా. ఆవాజ్ లేదట. అల్మారాల మూలకు పట్టేటంత ఉన్నవట. నిజామాబాద్‌కెళ్లి ఎవలో పెద్ద స్పీకర్ వస్తదట."

షారోన్ చేతిలో గరిటె ఆగిపోయింది. క్రిస్మస్ ముందు నుంచీ వంటింట్లో నిలబడి, అత్త ఫోనులో రికార్డు చేసుకుంటూ ఆ నాలుగు మాటలూ నేర్చుకుంటోంది.

"నిజమే కదత్తమ్మ," అంది చివరికి. "మెడికల్ షాపుల గోలీల పేరు చెప్తెనే మళ్లడుగుతరు. గామెనే చెప్పనియ్యిరి."

గరిటె పక్కన పెట్టి లోపలికి వెళ్లింది. శారమ్మకు ఒళ్లు మండింది. అయినా పెద్దమనిషి కాబట్టి సమాజం ఆడవాళ్లను పిలిచి పద్ధతిగానే చెప్పింది.

"వచ్చినామెకు మర్యాద తక్కువ చేయద్దు. శాలువ కప్పుదం, కోడికూర పెడదం, మళ్లొచ్చే బస్సుల ఎక్కిద్దం."

హాలు గేటు ముందు అందరూ వరసగా నిలబడ్డారు. ఆటో ఆగింది. ఖుద్దూస్ ఒక అట్టపెట్టెను ఒళ్లో పెట్టుకుని జాగ్రత్తగా దిగాడు. శారమ్మ ఆటోలోకి తొంగిచూసింది, లోపల ఎవరూ లేరు.

"పెద్ద స్పీకర్ ఏది భాయ్?"

"డబ్బాల ఉన్నదమ్మా."

శారమ్మ చేతిలోంచి శాలువా జారింది. "డబ్బాలనా? గాలెట్ల ఆడ్తది?"

"ఎన్క బొక్క ఉన్నది కదా. గాలి గాడికెళ్లే పోతది. గందుకే గొంతు గంత నిండుగ ఉంటది."

"మరి తిండి?" అంది పక్కనున్న సవిత భయంగా.

"కరెంటమ్మా. గదొక్కటే."

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శాంతి కుమార్ బయటికి వచ్చి, సంగతి విని తల పట్టుకున్నాడు. "శారక్కా, నేను షారోన్‌ను గట్లంటనా?" శారమ్మ కోడలికి ఫోను చేసింది, ఎత్తలేదు. కోపం దింపుకోవడానికి చోటు దొరకక, కోడలి మాటలు రికార్డై ఉన్న ఆ ఫోనునే ఖుద్దూస్ చేతిలో పెట్టింది.

"పరీక్ష నా కోడలి ఆవాజ్ తోనే పెట్టున్రి. గా ఆవాజెట్లుంటదో అందరు వినాలె."

ఖుద్దూస్ ఫోనుతో పరదా వెనక్కి వెళ్లాడు. మొదట చౌక స్పీకర్లలో షారోన్ మాట్లాడింది. రేకు డబ్బాలోంచి మాట్లాడుతున్నట్టుంది, వెనక కుక్కర్ విజిల్ రైలు కూతలా ఉంది. తర్వాత ఖరీదైనవి మోగాయి. ఈసారి విజిల్ వినగానే సవిత "పప్పు మాడుతున్నది" అంటూ లేచి నిలబడింది. షారోన్ మాటకు ముందు ఊపిరి వణకడం కూడా వినిపించింది. శారమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"చెరుకు నములుతుంటె గణుపు అడ్డమొస్తది," అంటోంది గొంతు. "గాడ తీపుండదు, పండ్లు నొస్తయి. గని..."

అంతలో ఎవరో ఫోను చేశారు. హాలంతా దద్దరిల్లేలా గంట మోగింది, ఖుద్దూస్ కంగారుగా ఏదో నొక్కాడు, అన్నీ ఆగిపోయాయి. అందరూ ఆ 'గని' దగ్గరే కూర్చుండిపోయారు.

"...గని, చెరుకు మొలిసేది గా గణుపు కాడికెళ్లే," అంది పరదా వెనక గొంతు. "నమలరాదని పారేస్తమా? గదే కదా మళ్ల నాటుకునేది."

గొంతు ఆగకుండా చివరిదాకా చెప్పింది. విజిల్ లేదు, వణుకు లేదు. హాల్లో దగ్గు కూడా లేదు.

"గీ మూడోది అన్నిటికన్న మంచిగున్నది," అంది సవిత. "గిదే ఉంచుకుందం."

"మూడోదెక్కడిది?" అన్నాడు శాంతి కుమార్ అయోమయంగా.

"నా సామాన్ కాదు సాబ్," అంటూ ఖుద్దూస్ పరదా లాగాడు. వెనక తలుపు దగ్గర షారోన్ నిలబడి ఉంది. వాక్యం చెప్పనని శాంతి కుమార్‌కు చెప్పిపోదామని ఆ దారిన వచ్చింది. తన మాటే మధ్యలో తెగిపోతే చూస్తూ ఉండలేకపోయింది.

శారమ్మ లేచి శాంతి కుమార్ వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు. చిన్న స్పీకర్ ఉంటదా, వాపస్ పోతదా?"

"ఉంటదక్కా," అన్నాడాయన.

శాలువా షారోన్ భుజాల మీదికి వెళ్లింది. కోడికూరలో పెద్ద ముక్కలు ఖుద్దూస్‌కు దక్కాయి.

ఖరీదైన జతనే అల్మారాలో బిగించారు. ఆదివారం షారోన్ గణుపు దాకా రాగానే కరెంటు పోయింది. ఆమె గొంతు వెనక వరసదాకా అలాగే వినిపించింది, పైగా ఫ్యాన్ల పనిలేని చలికాలం కాబట్టి, ఆ సంగతి శాంతి కుమార్‌కు తప్ప ఎవరికీ తెలియలేదు.