కాగ్నా ఒడ్డున అణు విద్యుత్తు

అరవైలలో ఒక వేసవి ఉదయం తాండూరు రైల్వే స్టేషను ముందు ఉపమంత్రి పాండురంగం గారు చరిత్రాత్మక ప్రకటన చేశారు: "మన కాగ్నా నది ఒడ్డున అణు విద్యుత్ కేంద్రం రాబోతోంది. తాండూరులో స్విచ్ వేస్తే ఢిల్లీలో వెలుగుతుంది!"

విలేకరిగా ముందు వరుసలో కూర్చుని నేనే మొదట చప్పట్లు కొట్టాను. మా వీధిలో అప్పటికింకా కిరసనాయిలు దీపాలే. వెలుగు ముందు దూరపువాళ్లకు అందాలనుకోవడం మంత్రిగారి పెద్ద మనసు.

స్థలం వెంటనే దొరికింది. ఏటి ఒడ్డున మొగులమ్మ అనే వితంతువుకు కందిచేను ఉంది. ఆమెకున్నది అదొక్కటే. మంత్రిగారి బావమరిది, పార్టీ కార్యకర్త ఈరయ్య ఆమెను జీపులో తీసుకొచ్చాడు.

"అమ్మా, దేశం నీ చేను అడుగుతున్నది" అన్నారు మంత్రిగారు.

"దేశానికి ఇంకేడ జాగ లేదా సారూ?"

"మస్తున్నది. గాని ఏటి పక్కకు నీదే ఉన్నది."

"మరి నేనేం తినాలె?"

"కరెంటొస్తది గదనే!" అన్నాడు ఈరయ్య.

ఇంతటి జవాబు విన్నాక ఎవరు కాదంటారు? వేలిముద్ర పడింది.

ఇంతలో ఢిల్లీ నుంచి ఇంజనీరు తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. అది నడి వేసవి. కాగ్నాలో ఇసుక తప్ప ఏమీ లేదు. ఈరయ్య పరేషాన్ కాలేదు. నీళ్లు ఇంకకుండా ఇసుక మీద నల్లరేగడి మట్టి పరిపించి, అడ్డంగా బస్తాలు పేర్పించి, ఊరి బావులన్నీ తోడించి, ఎడ్లబండ్ల మీద డ్రములతో నీళ్లు తెప్పించి నదిని నింపాడు. భగీరథుడికి ఇంత తొందరగా కాలేదు.

మొగులమ్మ ఖాళీ బిందెతో అడ్డం వచ్చింది. "చేనిచ్చిన. ఇగ తాగే నీళ్లు గూడ గుంజుకపోతరా?"

"జర ఓపిక పట్టు. ఇంజనీరు సాబ్ పోంగనే నదిలకెల్లే ముంచుకుందువు" అని ఈరయ్య ఓదార్చాడు.

ఇంజనీరు వచ్చాడు, నీళ్లు చూశాడు, ముఖం చిట్లించాడు. "నడి వేసవిలోనే ఇంత నీరుంటే వానాకాలం వరదకు కేంద్రం మునిగిపోతుంది. ఇక్కడ కుదరదు" అని తేల్చి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే మంత్రిగారిని ఊరేగించారు. "మన కాగ్నాను చూసి ఢిల్లీ దడుసుకున్నది!" అని ఆయన గర్జించారు. బావులెండిన ఊరు జేజేలు కొట్టింది.

మొగులమ్మ ఊరేగింపులోకి చొరబడి ఆయన ముందు నిలబడింది. "కేంద్రం రాదంట గద సారూ. నా చేను నాకియ్యిండ్రి."

"కేంద్రమొస్తే దానికో ఆఫీసరు ఉంటుండె. ఆయన సంతకం పెడితే చేను వాపసిద్దుము" అన్నారు మంత్రిగారు బాధగా. "కేంద్రమే రాకపాయె. ఇగ సంతకం ఎవరు పెడతరమ్మా? ఫికర్ చెయ్యకు. అందాక మన ఈరయ్య కాపాడతడు."

ఈరయ్య ఆ చేనును కంటికి రెప్పలా కాపాడాడు. బీడు పడకుండా ఏటేటా సాగు చేయించాడు. మొగులమ్మకు అక్కడే కూలిపని ఇప్పించాడు. "వితంతువుకు ఉపాధి" అని నేనే వార్త రాశాను.

ఒక ఏడాది పంట ఇంటికొచ్చాక వికారాబాదులో రైతుసభ జరిగింది. మంత్రిగారు ఈరయ్యను ఉత్తమ రైతుగా ప్రకటించి, శాలువా కప్పి, మైకు ముందుకు తోశారు.

"ఈ ఏడు ఏం పంట తీసినవో నలుగురికి చెప్పు ఈరయ్యా!"

ఈరయ్య మైకు సర్దుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. తర్వాత వేదిక అంచుకు వచ్చి, లారీలో తెచ్చి కూర్చోబెట్టిన కూలీల వైపు వంగి పిలిచాడు.

"మొగులమ్మా! ఈ ఏడు మనం ఏమేసినమే?"