తార్నాకలో దొరికిన తటస్థ కర్బనం

తార్నాక చౌరస్తాలో తటస్థ కర్బనం సమృద్ధిగా లభిస్తున్నదని మా విశ్వవిద్యాలయం సభ పెట్టి సగర్వంగా ప్రకటించింది. ఇంతటి ఘనకార్యానికి కారణమైన వాసంతి మాత్రం ఆ సభలో లేదు. ఆమెను ఎవరూ పిలవలేదు.

వాసంతి భౌతికశాస్త్రంలో పరిశోధక విద్యార్థిని. నక్షత్రాల నడుమ పెద్ద పెద్ద వాయు మేఘాలుంటాయి. కొత్త నక్షత్రాలు పుట్టేది వాటిలోనే. అక్కడ విద్యుదావేశం లేని, అంటే తటస్థ, కర్బన పరమాణువులు ఎన్ని ఉన్నాయో చూడటం ఆమె పని. నాలుగేళ్లు తిరగ్గా తిరగ్గా చిలీ ఎడారిలోని టెలిస్కోపు మీద మూడు రోజుల అవకాశం దొరికింది. సెలవుకు అర్జీ పెట్టుకుంది.

'మేఘం' అన్న మాట చూసి గుమాస్తా ఆ అర్జీని వానల సంగతి చూసే ఆఫీసుకు పంపాడు. సదరు మేఘం వల్ల మన జిల్లాలకు వర్షసూచన లేదని వారు వెంటనే ధ్రువీకరించారు. ఇక ఆచార్య శశిభూషణ్ గారి అధ్యక్షతన కమిటీ వేయక తప్పలేదు.

"కార్బన్ అంటే బొగ్గే కదమ్మా! గీడ దొరకదా?" అన్నారాయన.

"మామూలు కార్బన్ కాదు సార్, న్యూట్రల్ కార్బన్" అంది వాసంతి.

కమిటీ ఆ మాట రాసుకుని, మర్నాడే యూనివర్సిటీ పక్కనే ఉన్న తార్నాకకు క్షేత్ర పర్యటన జరిపింది. మెట్రో స్టేషన్ కింద డ్రైవర్ ఇన్నయ్య ఆటో నల్లటి పొగ చిమ్ముతూ నిలబడి ఉంది.

"బండి ఏ గేర్ల ఉన్నదయ్యా?" అడిగారు అధ్యక్షులవారు.

"న్యూట్రల్లనే ఉన్నది సార్. ఏంది, చలాన్ రాస్తరా?"

సభ్యులు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. పొగను పాలిథిన్ సంచిలోకి పట్టి, ముడి వేసి, సీలు కొట్టారు. ఇన్నయ్యకు శాలువా కప్పారు. ఇంటి ముందే దొరికే సరుకు కోసం విదేశయానం అనవసరమని వాసంతి అర్జీ కొట్టేశారు.

ఆమె హాస్టల్ మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని ఇంకో అర్జీ రాసింది: 'చిలీలో మా మేనబావ పెళ్లి. పది రోజులు సెలవు ఇప్పించగలరు.'

పావుగంటలో మంజూరైంది. సంతకం పెడుతూ శశిభూషణ్ గారు మందలించారు కూడా. "గీ ముచ్చట ముందే చెప్పొద్దా? పోకపోతే చుట్టాలు ఏమనుకుంటరు?"

వాసంతి వెళ్లింది, చూసింది. మేఘం అంచుల్లోనే ఉంటుందనుకున్న ఆ కర్బనం లోలోపలి దాకా ఉన్నదని కనిపెట్టి వచ్చింది. టెలిస్కోపు పటాలన్నీ తెర మీద వేసి గంటసేపు ప్రసంగించింది. హాలు నిండిపోయింది, మేమందరం చప్పట్లు కొట్టాం. ప్రశ్నలుంటే అడగమన్నారు. మా అందరి మనసులోనూ ఉన్న ప్రశ్నే శశిభూషణ్ గారు లేచి అడిగారు:

"పెళ్లిల మటన్ పెట్టిన్రా అమ్మా?"