గుట్టజబ్బుకు తేనె మందు

నా పేరు బుగ్గయ్య. రజాకార్లకు భయపడి ఏడు నెలలు రాచకొండ గుట్టల్లో దాక్కున్నాను. పోలీసు చర్య అయ్యాక ఇబ్రహీంపట్నం తిరిగొచ్చేసరికి పేరులో తప్ప ముఖంలో బుగ్గలు మిగల్లేదు.

నా భార్య సక్కుబాయి నాకంటే అన్యాయం. చలిజ్వరంతో సగమైపోయింది. గుట్టల నుంచి నేను తెచ్చిన కుండెడు తేనెను చూసి వైద్యుడు సిద్దయ్య, "రోజు పొద్దుగాల ఒక చెంచ తినమను. పానం లేసొస్తది" అన్నాడు.

తింటే కదా!

"జర తేనె నాకు" అన్నాను.

"నీకే. అంతా నీకే" అని కుండ నా ముందుకు తోసింది. "అద్దంల చూస్కున్నవా? దండెం మీద ఆరేసిన అంగీ లెక్కున్నవ్."

"నువ్వు ఆ దండెం లెక్కున్నవ్!"

మాటలతో లాభం లేదని ఒక జబ్బు కనిపెట్టాను.

"సిద్దయ్య నాడి చూసిండే. నాకు గుట్టజబ్బంట. ముందుగాల పెండ్లాం తేనె తిని, ఎన్క మొగుడు తింటెనే తగ్గుతదంట."

సక్కుబాయి గబుక్కున ఒక చెంచా మింగింది. నేను అటు తిరిగి ఖాళీ చెంచా నాకి, "ఆహా!" అన్నాను.

మూడు రోజులు బాగానే గడిచింది. నాలుగో రోజు ఆమె నా జబ్బు తగ్గట్లేదని పక్కింటి నర్సింహమ్మకు చెప్పింది. మధ్యాహ్నానికి వాడంతా మా అరుగు మీదే.

"అల్లం రసంల కలపాలె" అంది నర్సింహమ్మ.

"కాదు, తేనెపట్టును మైనంతోటి నమలాలె" అన్నాడు చెన్నయ్య.

కుండ అడుగున రవ్వలా పేరుకున్న తేనెను చూసి, "ఇది పాడైంది, గందుకే తగ్గుతలేదు" అంది ఈదమ్మ. అయినా అదీ పెట్టారు. ఎవరినీ నొప్పించకుండా అన్నీ నా నోట్లోనే కుక్కారు.

అంతలో సిద్దయ్య వచ్చాడు. "నేను చెప్పిన జబ్బంట గద! నన్ను గూడ జర చూడనియ్యుండ్రి."

నాడి పట్టుకున్నాడు. మైనం అంటిన నా పళ్లు చూశాడు. "తేనె మంచిగనే ఉన్నది. పేరుకున్నది గంతే, ఎండల పెడితె కరుగుతది. జబ్బు మాటే అబద్ధం, ఈనె అల్లిందే."

వాడంతా నవ్వుకుంటూ పోయింది. నేను తల వంచుకున్నాను. "తప్పయింది సక్కూ. నువ్వు తినాలెనని..."

"మొదటి దినమే ఎరుక."

"మరి ఎందుకు తిన్నవే?"

"నాకోసం గంత తిప్పలవడ్తుంటె కాదన బుద్ధి కాలే."

"మరి వాడకెందుకు చెప్పినవ్?"

"రోజు ఉత్త చెంచ నాకుతివి. నీ నోట్లె తేనె పొయ్యాలంటె నా ఒక్కదానితోటి అయితదా? పది మందిని పిలిపిచ్చిన" అని, వేపపుల్లతో నా పళ్లసందున మైనం తీస్తూ కిలకిలా నవ్వింది.

నేను తిరిగొచ్చాక ఆమె అలా నవ్వడం అదే మొదలు. నోరు తెరుచుకుని అట్లాగే కూర్చున్నాను.