సేఫెస్ట్ వారోత్సవాలు

మా ఏడంతస్తుల ఆఫీసులో పనిచేసే వారందరూ రోజుకు కనీసం పదిసార్లు ‘సేఫెస్ట్’ అనే మాటను తమ వాక్యాల్లో వాడి తీరాలని డైరెక్టరుగారు ఉత్తర్వు జారీచేశారు. అన్నిటికన్నా భద్రమైనదని దాని అర్థం. దీనివల్ల ఆఫీసు ప్రతిష్ఠ పెరుగుతుందని, వాడనివారి ఇంక్రిమెంటు ఆగుతుందని అందులో వివరంగా ఉంది.

నేర్పడానికి టై కట్టుకున్న శిక్షకుడొకాయన దిగాడు. మూడు రోజుల్లో మా రూపురేఖలు మారిపోయాయి. క్యాంటీనులో సేఫెస్ట్ టీ దొరకసాగింది. గుమాస్తాలు సేఫెస్ట్ ఆవలింతలు తీశారు. సెలవు చీటీల్లో సేఫెస్ట్ జ్వరాలు వెలిశాయి. ఎవరూ తెరవని ఫైళ్లు సేఫెస్ట్ బీరువాల్లో సేఫెస్టుగా నిద్రపోయాయి. ఈ ఒక్కదాంట్లో మాత్రం అబద్ధం లేదు.

ఇంతటి అభ్యుదయానికి అడ్డుపడినవాడు ఒక్కడే, లిఫ్టు మెకానిక్కు. లిఫ్టును మోసే ఇనుపతాడు పోగులు పోగులుగా తెగుతోందని, మార్చేదాకా ఎవరూ ఎక్కకూడదని అర్జీ పెట్టాడు. అందులో సేఫెస్ట్ లేదని అర్జీ వాపసొచ్చింది. రెండోసారీ అంతే. ‘సేఫెస్ట్ తాడు సేఫెస్టుగా తెగుతోంది’ అని రాసుకోవచ్చు కదా అని శిక్షకుడు పెద్దమనసుతో సలహా ఇచ్చాడు. తలుపు మీద సుద్దముక్కతో ‘ఎక్కొద్దు’ అని మన భాషలో రాస్తే, ప్రతిష్ఠకు భంగమని తుడిపించారు. సొంత పెత్తనంతో లిఫ్టు ఆపితే ఉద్యోగం ఊడుతుందని కాగితం కూడా ఇచ్చారు.

అతని బాధ అతనిది. సొంత అక్క ఆరో అంతస్తులో టైపిస్టు. రోజూ ఆ లిఫ్టులోనే వెళ్తుంది.

“అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా, మెట్లెక్కి వెళ్లు,” అన్నాడు.

“పట్టుకుంటే మోకాళ్లు పట్టుకో, నొప్పి అక్కడే. ముందు ఆ మాట వాడటం నేర్చుకోరా. నీవల్ల నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నా,” అంది అక్క.

అతను పట్టుపట్టి నేర్చుకున్నాడు. వారోత్సవాల ముగింపు రోజున వాక్యాల పోటీలో లేచి నిలబడి, “ఇన్ దిస్ బిల్డింగ్, ది స్టెప్స్ ఆర్ సేఫెస్ట్!” అన్నాడు. ఈ భవనంలో మెట్లే క్షేమం బాబూ అని అతని గోడు.

హాలు చప్పట్లతో మారుమోగింది. డైరెక్టరుగారు మైకందుకున్నారు.

“సోదరులారా! ఈ వాక్యంలో ఏం లేదు? బిల్డింగుంది! మెట్లున్నాయి! అన్నిటినీ మించి సేఫెస్టుంది! ఇలాంటి మెకానిక్కు ఉండగా మన లిఫ్టుకేం భయం?”

మొదటి బహుమతి అతనికే. ఆ వాక్యాన్ని బంగారు రంగు అక్షరాలతో అచ్చువేయించి, అందరి కంటా పడేలా లిఫ్టు తలుపు మీదే అంటించమని ఆజ్ఞ అయింది. మెకానిక్కు ఆనందం పట్టలేక ఏడ్చేశాడు.

మర్నాడు ఉదయం మేమందరం లిఫ్టు ముందు గుమిగూడాం. వాక్యాన్ని కోరస్‌గా చదివాం. దాని పక్కన నిలబడి ఫొటోలు దిగాం. “మా తమ్ముడు రాసిందే,” అని అక్క అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ చెప్పుకుంది. ఆ తర్వాత డైరెక్టరుగారితో సహా లిఫ్టెక్కి మీట నొక్కాం.

నాలుగో అంతస్తు దాటాక తాడు తెగింది. ఆయుష్షు గట్టిది కాబట్టి బ్రేకు పట్టుకుంది. రెండు గంటలపాటు గాల్లో వేలాడాం. మెకానిక్కు చెమటలు కక్కుతూ ఒక్కొక్కరినే బయటికి లాగాడు. చివర్న అక్కను లాగి నేల మీద కూర్చోబెట్టాడు.

“తలుపు మీద అంతంత అక్షరాలతో ఉంది కదక్కా! చదవలేదా?” అని అరిచాడు.

“చదవకేంరా, కంఠతా వచ్చు. ఇంగ్లీషులో ఉంది కదా, అది మనకే చెబుతోందని ఎవరనుకున్నారు?” అంది అక్క.

లిఫ్టులోంచి బయటపడ్డ వాళ్లమంతా అవునవునని తలలూపాం. మీరైతే చదవగానే మెట్లెక్కేవారు, నాకు తెలుసు.