గదిచూపులు

ఇమిగ్రేషన్ ఆఫీసరమ్మ పొద్దున్నే ఇంటికి వస్తుంది, కూతురి కోసం సిద్ధం చేసిన గది చూస్తుంది, రెండు మాటలు అడిగి వెళ్ళిపోతుంది, ఆ తరువాత తాను తీరిగ్గా షాపు తెరుచుకోవచ్చు. తాళాలాయన ఆ రోజుకి వేసుకున్న పథకం ఇంతే.

ఆ వీధిలో అందరూ ఆయన్ని తాళాలాయన అనే పిలుస్తారు. తాళంచెవి పారేసుకుని గుమ్మం బయట తెల్లమొహం వేసినవాళ్ళు ఆయనకే ఫోన్ చేస్తారు. ఆయన వచ్చి, తలుపుతో రహస్యం చెబుతున్నట్టు ఒంగి, చిటికెలో తెరిచేస్తాడు. ఈ దేశానికి ముందు ఆయన వచ్చాడు, తరువాత భార్య వచ్చింది. కూతురి ఫైలు మాత్రం ఆఫీసులో ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి షికార్లు చేస్తూ మూడేళ్ళు గడిపేసింది. ఈలోగా స్వదేశంలో పిన్ని ఇంట్లో ఉంటున్న పిల్లకి పదిహేడు నిండాయి. పద్దెనిమిది దాటాయంటే చట్టం లెక్కలో ఆమె "తల్లిదండ్రుల మీద ఆధారపడిన సంతానం" కాదు. ఆపైన కన్నవాళ్ళు కూడా దూరపు చుట్టాల కిందే జమ.

అందుకే ఆలుమగలిద్దరూ సామాన్లు కుక్కిన చిన్నగదిని ఖాళీ చేసి, మంచం వేసి, పసుపురంగు కర్టెన్లు కట్టారు. తాళాలాయన తలుపుకి షాపులోకెల్లా మేలైన తాళం బిగించాడు.

"గదిలో బీరువా అయినా లేదు, ఇంత తాళం దేనికండీ?" అంది భార్య.

"ఎదిగిన పిల్ల గది! అది చూసే ఆఫీసరమ్మ సంతకం పెట్టెయ్యాలి."

ఆ తాళం గొప్పతనాన్ని ఆయన కూతురికి ఫోన్లో రోజూ వర్ణించాడు. ఆ రోజు పొద్దున్నే చివరి మరమేకు బిగించి, తాళంచెవులు రెండింటికీ రిబ్బను కట్టి, చూపుకి బాగుంటాయని దిండు మీద పెట్టాడు. పనిముట్ల సంచీ గదిలోనే, తలుపు వెనక వదిలేశాడు.

అంతలో పక్క వాటా నర్సమ్మ తన అయిదేళ్ళ కూతుర్ని చెయ్యి పట్టుకుని వచ్చింది. పిల్లని అందరూ పిడుగు అంటారు. ఆ పేరు పెట్టినవాళ్ళు తొందరపడి పెట్టలేదు.

"అక్కా, ఆసుపత్రికి ఉన్నపళంగా రమ్మన్నారు. కాసేపు దీన్ని చూసుకోవా, ఇట్టే వచ్చేస్తా!" అని నర్సమ్మ పరుగు తీసింది.

ఇల్లాలికి కొత్త బెంగ పట్టుకుంది. ఇప్పటికే ఇంట్లో ఒక పిల్ల ఉందంటే, ఇంకో పిల్లకి చోటెక్కడుందని ఆఫీసరమ్మ అనదు కదా? పిడుగుని పక్కకి పిలిచి చెప్పింది.

"బంగారం, నువ్వు వంటింట్లో చప్పుడు చెయ్యకుండా కూర్చో. ఆఫీసరమ్మకి కనబడకు. కనబడితే అక్కని రానివ్వరు."

పిడుగు ఆ బాధ్యతని మనసారా స్వీకరించింది. వంటింటికి తలుపు లేదు. తలుపున్న గది, అందులోనూ కొత్త తాళం ఉన్న గది ఎదురుగానే ఉంది. లోపలికి వెళ్ళి తలుపు మూసి, పిడి మధ్యలో మెరుస్తున్న గుండీ నొక్కేసింది.

ఆఫీసరమ్మ వచ్చింది. తాళాలాయన నవ్వుతూ గది దాకా తీసుకెళ్ళి, పిడి తిప్పాడు. తలుపు కదల్లేదు. ఇంకోసారి తిప్పాడు. నవ్వు కూడా కదలకుండా బిగుసుకుపోయింది.

"లోపల ఎవరైనా ఉన్నారా?" అంది ఆఫీసరమ్మ.

"ఎవరూ లేరండీ," అన్నాడాయన.

"నేను లేను!" అని లోపలినుంచి వినిపించింది.

ఆఫీసరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "ఎవరా పిల్ల?"

ఇల్లాలికి ఆ ఊరి భాష వచ్చీరాదు. "పరాయి పిల్లేం కాదండీ, మా పిల్లే అనుకోండి" అని చెప్పబోయింది. 'అనుకోండి'ని ఆ భాషలో ఏమంటారో ఎంతకీ తట్టక, దాన్ని వదిలేసి మిగతాది చెప్పింది.

"మీ అమ్మాయి విదేశంలో ఉందని కదా దరఖాస్తు పెట్టారు?"

"ఉందండీ! ఇది పక్కింటి పిల్ల," అన్నాడు తాళాలాయన హడావిడిగా.

"పక్కింటి పిల్లని మీ ఇంట్లో పెట్టి తాళం ఎందుకు వేశారు?"

దానికి జవాబు పిడుగు దగ్గర ఉంది. బడికి వెళ్ళే పిల్ల కాబట్టి ఆ ఊరి భాషలో గడగడా చెప్పేసింది. "పెద్దమ్మ నన్ను దాక్కోమంది! ఆఫీసరమ్మకి కనబడితే అక్క రాదంది!"

ఇల్లాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నర్సమ్మకి ఫోన్ చేశారు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. తాళాలాయన భార్య జడలోంచి పిన్ను లాగి, మోకాళ్ళ మీద కూర్చుని తాళంలో తిప్పడం మొదలుపెట్టాడు. ఆ చేతివాటం చూస్తున్నకొద్దీ ఆఫీసరమ్మ మొహంలో రంగులు మారాయి.

"మీరు ఏం పని చేస్తారు?"

చెవి తాళానికి ఆనించి ఉన్న మనిషి ఆలోచించకుండా అన్నాడు: "తలుపులు తీస్తానండీ. ఊళ్ళో వాళ్ళవి."

పిన్ను తాళంలోనే విరిగింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చంతా గెలిచిన తాళాలాయన తన ఇంటి గడప దగ్గర చతికిలపడ్డాడు. ఈసారి పిడుగు భోరుమంది. ఆఫీసరమ్మ పోలీసులకి చెయ్యడానికి ఫోన్ తీసింది.

సరిగ్గా అప్పుడు ఇల్లాలి ఫోన్ మోగింది. తెర మీద కూతురు, ఆఫీసరమ్మతో మాట్లాడాలని తల దువ్వుకుని, ముస్తాబై కూర్చుని ఉంది.

"అమ్మా, ఏమైంది? ఎందుకు ఏడుస్తున్నావ్? పిడుగేనా అరిచేది? తలుపుకి తాళం పడిపోయిందా? సరే, ఫోన్ తలుపుకి దగ్గరగా పెట్టు. నాన్నా, నువ్వు కాస్త పక్కకి జరుగు. ఆఫీసరుగారికి కుర్చీ వేశారా? ఆ బుసబుసేంటి? అమ్మా, పాలు పొంగుతున్నాయేమో చూడు!"

పాలు పొంగుతూనే ఉన్నాయి. ఇల్లాలు వంటింట్లోకి, తాళాలాయన కుర్చీ కోసం పరిగెత్తారు.

"పిడుగూ, నేనే, అక్కని. పిడి మధ్యలో గుండీ ఉందా?"

ఏడుపు ఆగింది. "ఉంది."

"దాన్ని గట్టిగా నొక్కిపట్టుకుని, నువ్వు బొమ్మలు వేస్తావే, ఆ చేతి వైపు పిడిని తిప్పు."

"తిప్పితే నువ్వొస్తావా?"

"రావాలనే ఉందిరా," అంది తెరలో ఆ పిల్ల. ఇప్పటిదాకా ఆజ్ఞలిచ్చిన గొంతు, ఆ ఒక్క మాట దగ్గర మాత్రం పదిహేడేళ్ళదే అయిపోయింది. పాలగిన్నె పట్టుకుని నిలబడ్డ తల్లి కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే ఉండిపోయింది.

తలుపు తెరుచుకుంది. రిబ్బను మెడలో వేసుకుని పిడుగు బయటికొచ్చింది. వెనకాలే ఆయాసపడుతూ నర్సమ్మ కూడా వచ్చి, కూతుర్ని ఎత్తుకుని, "మా పిల్ల వీళ్ళ చేతుల్లోనే పెరిగిందండీ" అని ఆఫీసరమ్మకి జరిగిందంతా విడమరిచి చెప్పింది. పోలీసుల గండం గడిచింది.

ఆఫీసరమ్మ గదంతా చూసింది, కర్టెన్లు కూడా తాకి చూసింది. తరువాత ఫోన్ అందుకుంది.

"అమ్మాయ్, ఇది తప్పక అడగాల్సిన ప్రశ్న. నువ్వు నీ తల్లిదండ్రుల మీద ఆధారపడి ఉన్నావా?"

ఆ పిల్ల, తెరలో వెనక కనబడుతున్న ఇద్దర్నీ చూసింది. తండ్రి విరిగిన పిన్ను పట్టుకుని ఉన్నాడు. తల్లి పాలగిన్నె ఎక్కడ దించాలో తెలియక తిరుగుతోంది.

"అవునండీ."

"పూర్తిగానా?"

"...అలాగే రాసుకోండి."

తాళాలాయన ఆఫీసరమ్మని గుమ్మం దాకా సాగనంపుతూ అడిగాడు. "మేడమ్, మా ఫైలు ఇక మూలకేనా?"

"మీ ఫైలుకి పోయినవారమే అనుమతి వచ్చిందండీ. వీసా కాగితం ఎప్పటిలాగే నాలుగైదు నెలలకి పంపేవాళ్ళం. నేను అడ్రసు సరిచూసి, ఆ ఒక్క ప్రశ్న అడిగిపోదామని వచ్చాను, అంతే."

ఆవిడ మెట్ల మీద ఆగి, ఫైలు గోడకి ఆనించి, పైన ఎర్ర పెన్నుతో "అత్యవసరం: ఈ కుటుంబాన్ని ఒంటరిగా వదలరాదు" అని రాసుకుంది.

వదలరానిది ఇక్కడి ఇద్దర్నా, అక్కడి ఒక్కదాన్నా అని, ఆవిడ భుజం మీంచి అది చదివిన ఆయన అడగలేదు.