మచ్చ పెరిగింది

పళ్ల డాక్టరు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది: మామగారి పన్ను సంగతి చూసి, ఇంకెవరి కంటా పడకముందే తన నీహారిక గురించి ఖగోళ సంఘానికి రిపోర్టు పంపించెయ్యాలి. డాబా మీద నుంచి తీసిన కొత్త ఫోటోలో, ఒక నక్షత్రం పక్కనున్న దుమ్ము మేఘం బాగా వెలుగు పుంజుకుంది. పాత ఫోటోలో అది ఉందా లేదా అన్నట్టుంది. ముందు చెప్పినవాడి పేరే నిలుస్తుంది. అల్లుడి టెలిస్కోపును ఇన్నేళ్లుగా వెక్కిరిస్తున్న మామగారి నోరూ మూతపడుతుంది.

ప్రస్తుతానికి ఆ నోరు తెరిచే ఉంది, నిండా దూదితో. మత్తు ఎక్కేదాకా కూడా ఆగలేక డాక్టరు, కుర్చీ ఎదుట ఎక్స్‌రేలు చూసే తెర మీద రెండు ఫోటోలూ తగిలించి, తనలాంటి ఆకాశప్పిచ్చి మిత్రుడికి ఫోన్ చేశాడు.

"మచ్చ బాగా పెరిగిందిరా. చుట్టూ పాకేసింది. లేదు, ఇంట్లోవాళ్లకి ఇంకా చెప్పలేదు."

మామగారు "ఊఁ, ఊఁ" అన్నారు. నొప్పి కాబోలనుకుని డాక్టరు ఇంకాస్త దూది కుక్కాడు.

పని అవగానే మామగారు నర్సుకి సైగలు చేసి, ఆ ఫోటోలు పుచ్చుకుని సరాసరి కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. డాక్టరు రిపోర్టులో మొదటి వాక్యం దిద్దుకుంటూ ఇదేమీ గమనించలేదు. ఇంతలో భార్య ఫోన్.

"ఆ మచ్చ సంగతి నా దగ్గర దాస్తారా?"

"నీకెలా తెలిసింది? సరే, ఎవరితోనూ అనకు."

"ఎన్నాళ్ల నుంచి ఉందండీ?"

"ఉండటం ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడే బయటపడింది."

"ప్రమాదమా?"

"ప్రమాదమేంటి, చూడ్డానికి ఎంత బాగుందో."

అవతల ఏడుపు వినిపించింది. ఇన్నాళ్లకు తన కష్టం అర్థం చేసుకుందని డాక్టరు పొంగిపోయాడు.

ఆవిడ నాన్నను పెద్దాసుపత్రికి పరుగెత్తించింది. అక్కడి పెద్ద డాక్టరు ఆయన్ని ఒక్కణ్నే లోపలికి పిలిచి, ఫోటోలు తిప్పి తిప్పి చూసి, మూలన సన్నటి అక్షరాల్లో ఉన్న నక్షత్రం పేరూ తేదీ చదివి, కుర్చీలోంచి లేచాడు. ఖర్మ కాకపోతే, ఆయనకీ అదే పిచ్చి.

"ఇవి మీవేనా?"

నోరింకా మొద్దుబారి ఉన్న మామగారు భయంభయంగా తలూపారు. పెద్ద డాక్టరు ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. అప్పటికప్పుడు తనే రిపోర్టు పంపాడు; నిజాయితీపరుడు, అందులో తన పేరు ఎక్కడా రాసుకోలేదు.

అల్లుడు రిపోర్టుకి నగిషీలన్నీ చెక్కి సాయంత్రానికి పంపగానే జవాబు వచ్చింది. నీహారిక మధ్యాహ్నమే నమోదైందట. కనిపెట్టినవారి చోట మామగారి పేరుంది. డాక్టరు ఆయనింటికి ఒక్క పరుగు తీశాడు.

"అది నాది మావయ్యగారూ" అన్నాడు.

మామగారు అభినందనల ఫోన్‌ను అరచేత్తో మూసి, జాలిగా చూశారు.

"ఓపికగా చూస్తూ ఉండు అల్లుడూ. ఏదో ఒకరోజు నీకూ ఒకటి కనిపిస్తుంది."